ప్రతులు లేవు

తెలుగులో ముస్లిం రచన ఎప్పుడు మొదలైందని అడిగితే తలా ఒక జవాబు చెప్పొచ్చు. పిఠాపురం ఉమర్ ఆలీషా (1885–1945) పద్యాల నుంచి లెక్కపెట్టేవాళ్ళున్నారు. అంతకంటే వెనక్కి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ముస్లిం జిందగీని ముస్లిం నోటితోనే చెప్పిన రచన ఎక్కడ మొదలైందని అడిగితే మటుకు జవాబు ఒక్కటే. చిన్న ప్రచురణల్లో. జీతంలోంచి మిగిల్చిన డబ్బుతో, దోస్తుల చందాలతో, అద్దె ఇంటి చిరునామానే ప్రచురణ సంస్థ చిరునామాగా పెట్టుకుని వేసిన పల్చటి పుస్తకాల్లో.

సాహిత్య చరిత్రకారులు ఉద్యమాల గురించి రాస్తారు, వాదాల గురించి రాస్తారు. ఆ పుస్తకాన్ని ఎవరు వేశారు, ఎవరి డబ్బుతో వేశారు, ఎన్ని ప్రతులు వేశారు, ఆ ప్రతులు చివరికి ఏమయ్యాయి అన్నవి రాయరు. అది వ్యాపారానికి సంబంధించిన సంగతి అనుకుంటారు. అందరికీ అట్లా అనుకునే వెసులుబాటు ఉండొచ్చు. మాకు లేదు. మా గురించి ఇతరులు రాసిన పుస్తకాలు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. మా గురించి మేం రాసుకున్నవి దొరకాలంటే ఎవరో ఒకరి ఇంటి అటక మీద వెతకాలి. అందుకే మా రచన చరిత్రను మేం ఈసారి ముఖచిత్రం నుంచి కాకుండా దాని వెనక ఉండే వివరాల పేజీ నుంచి చదవదలచుకున్నాం. ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, 'ప్రతులకు' అన్న మాట కింద ఉండే చిరునామా. అక్కడ కనిపించే చరిత్ర వేరు.

మాకు రెండు వారసత్వాలున్నాయి. ఒకటి తెలుగుది, ఇంకొకటి ఉర్దూది. ఇంట్లో ఒక జబాన్, బజార్లో ఒక జబాన్ మాట్లాడిన మాకు ఈ రెండూ సొంతమే. రెంటిలోనూ కొత్త రచన చిన్న ప్రచురణ నుంచే వచ్చింది. ముందు ఉర్దూ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక చిన్న పుస్తకానికి ఏమేం జరగవచ్చో అక్కడ పూర్తిగా కనిపిస్తుంది.

1932 డిసెంబరులో లక్నోలోని నిజామీ ప్రెస్‌లో 'అంగారే' అనే పుస్తకం అచ్చయింది. నలుగురు రాశారు. సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, రషీద్ జహాఁ, మహ్మూదుజ్జఫర్. తొమ్మిది కథలు, ఒక నాటిక. నలుగురూ పాతికేళ్ళకు కాస్త అటూ ఇటూ ఉన్నవాళ్ళే. వాళ్ళు చెప్పిన విషయమూ కొత్తది, చెప్పిన తీరూ కొత్తది. నిద్రపట్టని ఒక మనిషి బుర్రలో తిరిగే ఆలోచనల్ని ఏ వరసా లేకుండా ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద పెట్టాడు సజ్జాద్ జహీర్. చైతన్య స్రవంతి అని మన విమర్శకులు తర్వాత ఏ పద్ధతికి పేరు పెట్టారో, ఆ పద్ధతి ఉర్దూలోకి వచ్చింది ఇట్లాంటి కథలతోనే. రషీద్ జహాఁ వృత్తికి డాక్టరు. బురఖాలో ఉన్న భార్యను ఢిల్లీ రైల్వే స్టేషన్లో సామాను దగ్గర కూచోబెట్టి వెళ్ళిపోయిన మొగుడి గురించి, ఆ ప్రయాణాన్ని ఆడవాళ్ళకు చెప్పుకునే ఇల్లాలి గురించి ఆమె రెండు మూడు పేజీల్లో రాసింది. ఆమె నాటికలో పర్దా వెనక ఆడవాళ్ళు తమ ఒళ్ళు గురించి, కాన్పుల గురించి మాట్లాడుకుంటారు.

పుస్తకం మీద దాడి మొదట మన ఖౌమ్ లోపలి నుంచే వచ్చింది. ఉర్దూ పత్రికలు సంపాదకీయాలు రాశాయి. మతసంస్థలు తీర్మానాలు చేశాయి. రషీద్ జహాఁకు బెదిరింపులు వచ్చాయి. నలుగురిలో ఆమె ఒక్కతే ఆడది కావడం వల్ల 'అంగారే వాలీ' అన్న పేరు ఆమెకే అంటుకుంది. 1933 మార్చిలో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రతుల్ని పట్టుకుని తగలబెట్టారు. రచయితలు క్షమాపణ చెప్పలేదు. ఆ ఏప్రిల్లోనే అలహాబాద్ 'లీడర్' పత్రికలో, నోళ్ళు మూస్తే ఊరుకుంటామా అనే అర్థంతో ప్రకటన ఇచ్చారు. అభ్యుదయ రచయితలకు ఒక సంఘం ఉండాలన్న ప్రతిపాదన ఆ ప్రకటనలోనే ఉంది. 1936లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన లక్నోలో జరిగిన అఖిల భారత అభ్యుదయ రచయితల మహాసభ వెనక ఆ కాలిపోయిన చిన్న పుస్తకం ఉంది. మన హైదరాబాద్ మఖ్దూం 1944లో 'సుర్ఖ్ సవేరా' వెలువరించే నాటికి ఆ గాలి ఇక్కడికీ చేరింది.

ఆ నలుగురిలో అహ్మద్ అలీ తర్వాత ఇంగ్లీషులో 'ట్వైలైట్ ఇన్ ఢిల్లీ' నవల రాశాడు. దాన్ని 1940లో వేసింది లండన్‌లోని హోగార్త్ ప్రెస్. 1917లో వర్జీనియా వూల్ఫ్, లెనార్డ్ వూల్ఫ్ దంపతులు ఇంట్లో బల్ల మీద చేతి యంత్రం పెట్టుకుని మొదలుపెట్టిన ప్రెస్ అది. 1857లో ఢిల్లీ ముస్లింల మీద ఇంగ్లీషువాళ్ళు చేసిన దౌర్జన్యాన్ని గుర్తుచేసే ఆ నవల ఇంగ్లీషువాళ్ళ రాజధానిలోనే, అదీ యుద్ధకాలంలో అచ్చయిందంటే, ఒక చిన్న ప్రెస్ నడిపేవాళ్ళ ఇష్టాయిష్టాల మీద ఎంత ఆధారపడి ఉంటుందో తెలుస్తుంది. లాభం కోసం నడిచే చోట లెక్క ముందు వేస్తారు. నమ్మకం కోసం నడిచే చోట పుస్తకం ముందు చదువుతారు.

అంగారే కథ ఇక్కడితో అయిపోలేదు. ఉర్దూలో ఆ పుస్తకం అరవై ఏళ్ళకు పైగా మళ్ళీ అచ్చుకాలేదు. 1995లో ఢిల్లీలో తిరిగి వచ్చింది. 2014లో రెండు ఇంగ్లీషు అనువాదాలు వెలువడ్డాయి. తగలబెట్టిన పుస్తకం మళ్ళీ ఎట్లా వచ్చింది? నిషేధించిన ప్రభుత్వమే కొద్ది ప్రతుల్ని భద్రంగా దాచింది కాబట్టి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి చేరిన ప్రతి పరిశోధకులకు దారి చూపించింది. శత్రువు ఫైల్లో పెట్టుకున్నందువల్ల ఒక పుస్తకం బతికింది. ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. మా పుస్తకాల దగ్గరికి వచ్చినప్పుడు దీంతో పని ఉంది.

ఇక మా రెండో వారసత్వం. తెలుగు ఆధునిక కవిత్వమంటే అందరూ ముందుగా చెప్పే 'మహాప్రస్థానం' గీతాలు 1930లలో రాసినవి. పుస్తకంగా వచ్చింది 1950లో. శ్రీశ్రీకి ఆనాటికే పేరుంది, పాఠకులున్నారు, పుస్తకం వేసేవాళ్ళే లేరు. చివరికి వేసింది నళినీకుమార్ అనే ఒక అభిమాని. శ్రీశ్రీ ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చిన కొంపెల్ల జనార్దనరావు కూడా 'ఉదయిని' అనే చిన్న పత్రిక నడిపి, దాంతోపాటే కష్టాల్లో మునిగి 1937లో చనిపోయిన మనిషి. తెలుగు ఆధునికత గడప మీద చిన్న పత్రిక నడిపి కన్నుమూసినవాడి పేరు ఉందని మనం తరచూ మరిచిపోతుంటాం.

1965లో దిగంబర కవులు వచ్చారు. ఆరుగురు కవులు మూడేళ్ళలో మూడు సంపుటాలు వేసుకున్నారు. 1965, 1966, 1968. మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పెద్దమనుషుల వేదిక వద్దనుకున్నవాళ్ళు పెద్దమనుషుల ప్రచురణా వద్దనుకున్నారు. అయితే దిగంబరుల గురించి మాట్లాడుకునేటప్పుడు మాకు ఇంకొకటి కనిపిస్తుంది. వాళ్ళు పుట్టు పేర్లు వదిలేశారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని కొత్త పేర్లు పెట్టుకున్నారు. రావు, రెడ్డి, ఆచార్యులు అన్న తోకలు రాలిపోయాయి. అది సాహసమే. మేం కాదనం. కానీ అట్లా పేరు వదిలేసే సౌకర్యం ఎవరికి ఉంటుంది? పేరు మార్చుకుంటే మాయమయ్యే గుర్తింపు ఎవరిది?

1970ల మొదట్లో 'పైగంబర కవులు' అనే బృందం వచ్చింది. సందేశం తెచ్చేవాడనే ఉర్దూ మాటను తెలుగు కవులు తమ పేరుగా పెట్టుకున్నారు. దేవిప్రియ, సుగమ్‌బాబు, ఓల్గా వంటివాళ్ళు అందులో ఉన్నారు. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చిన దేవిప్రియ (1949–2020) అసలు పేరు ఖాజా హుస్సేన్. ఆయన 'గాలిరంగు' పుస్తకానికి 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన ఎందుకు ఆ కలం పేరు పెట్టుకున్నారన్నది ఆయన సొంత విషయం. మేం గమనించేది ఆ కాలాన్ని. ఆనాడు ముస్లిం ఇంట్లో పుట్టిన కవి తెలుగు కవిగా నిలబడటానికి పేరు అడ్డమూ కాలేదు, ఆసరా కూడా కాలేదు. కవిత్వంలో మనిషి ఉన్నాడు, శ్రామికుడు ఉన్నాడు, పేదవాడు ఉన్నాడు. సాయిబు ఇంకా రాలేదు.

సాయిబు ఎప్పుడు వచ్చాడు? బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత వచ్చాడని చాలామంది రాస్తారు. అది సగం నిజం. 1992 డిసెంబరు 6 మా జీవితాల్ని రెండుగా చీల్చిన మాట వాస్తవమే. కానీ ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత 'పుట్టుమచ్చ' 1991 నాటిది. మసీదు అప్పటికి నిలబడే ఉంది. 1990లో సోమనాథ్ నుంచి రథం బయల్దేరింది. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీ నెత్తురు చూసింది. కూల్చబోతున్న చప్పుడు గుమ్మటం కంటే ముందు కవి చెవికి వినపడింది. పుట్టినప్పటి నుంచీ ఒంటి మీద అనుమానపు మచ్చను మోయాల్సి రావడం, దేశం మీద ప్రేమను మాటిమాటికీ రుజువు చేసుకోవాల్సి రావడం ఎట్లా ఉంటుందో తెలుగులో అంత సూటిగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఈ తేదీ తేడా చిన్నదేమీ కాదు. 1992 తర్వాత మొదలైందంటే మా కవిత్వం ఒక దెబ్బకు వచ్చిన కేకగా మాత్రమే మిగులుతుంది. 1991 అంటే అది మా ఎరుక. ఆ ఎరుకకు సాక్ష్యం ఆ పుస్తకంలోని ముద్రణ సంవత్సరం.

అప్పటి తెలుగు వాతావరణాన్ని కూడా చెప్పుకోవాలి. మేం ఒంటరిగా రాలేదు. విజయవాడ నుంచి త్రిపురనేని శ్రీనివాస్ నడిపిన 'కవిత్వం ప్రచురణలు' కొత్త గొంతుల్ని వెతికి వెతికి వేసింది. ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవిత్వం 'నీలిమేఘాలు' 1993లో వచ్చింది. దళిత కవిత్వం 'చిక్కనవుతున్న పాట' 1995లో, 'పదునెక్కిన పాట' 1996లో వచ్చాయి. సతీష్ చందర్ 'పంచమవేదం' కూడా ఆ రోజుల్లోదే. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచే వేరే దారి వేసి ఉంచింది. ఎలెక్స్ హేలీ 'రూట్స్'ను 'ఏడు తరాలు'గా తెలుగు చేసి, వంశవృక్షం తెగిపోయినవాడు దాన్ని మళ్ళీ ఎట్లా అతుక్కుంటాడో ఊరూరా చదివించింది. స్త్రీలు, దళితులు తమ సంకలనాలు తామే వేసుకున్న తీరు మాకు ధైర్యమిచ్చింది. మా బాధను ఇంకొకరి సంకలనంలో ఒక మూల సర్దుకునే రోజులు పోయాయి.

1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. ముస్లింవాద కవిత్వం అన్న మాట తెలుగు సాహిత్యంలో స్థిరపడింది దాంతోనే. 2002లో గుజరాత్ మారణకాండ మీద 'అజా' వచ్చింది. 2004లో ముస్లిం కథల సంకలనం 'వతన్' నసల్ కితాబ్ ఘర్ నుంచి వచ్చింది. ఆ ప్రచురణ సంస్థ పేరే చూడండి. తెలుగు పుస్తకాలు వేసే సంస్థకు ఉర్దూ పేరు. దిగంబరులు వదిలేసినదాన్ని మా తరం చేతుల్లోకి తీసుకుంది. పేరు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, పోలీసు స్టేషన్లో వివరాలు రాసుకునేటప్పుడు, రైల్లో పక్క సీటువాడు పలకరించినప్పుడు మమ్మల్ని పట్టిచ్చేది పేరే. దాన్ని దాచుకుని రాయడం కంటే అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చేసుకోవడమే మాకు దిగంబరత్వం.

ఇక్కడ కథ గురించి ఒక మాట. మా కథల్లో జీవితం ఉంది కానీ ప్రయోగం లేదని కొందరు విమర్శకులు అంటూ వచ్చారు. ప్రయోగమంటే కాలాన్ని ముక్కలు చేయడం, కలల్ని కథల్లోకి తేవడం అనే అనుకుంటే వాళ్ళ మాట కొంత నిజం కావొచ్చు. కానీ తెలుగు లిపిలో ఉర్దూ మాట్లాడే ఇంటిని నిలబెట్టడం ఎంత పెద్ద ప్రయోగమో రాసినవాళ్ళకు తెలుసు. ఒక్క ఉదాహరణ చాలు. కొడుకు తండ్రిని 'అబ్బా' అని పిలుస్తాడు. తెలుగు పాఠకుడికి అది నొప్పితో మూలిగినట్టు వినపడుతుంది. అచ్చులో పిలుపు మూలుగైపోతుంది. దాన్ని 'నాన్నా' అని దిద్దితే ఇల్లే మారిపోతుంది. పక్కన అర్థం రాస్తే సొంత ఇంట్లో మేం అతిథులమైపోతాం. అట్లాగే వదిలేసి, నాలుగు పేజీలు గడిచేసరికి పాఠకుడి చెవి దానంతటదే సర్దుకునేలా రాయడం ఒక పద్ధతి. దేనికి కింద అర్థం ఇవ్వాలి, దేనికి అక్కర్లేదు అన్న నిర్ణయం మా చేతిలో ఉండాలంటే ప్రూఫులు మా చేతిలో ఉండాలి. చిన్న ప్రచురణ మాకు ఇచ్చింది అదే.

ఆ స్వేచ్ఛ వచ్చాక ఎన్ని జబాన్లు బయటపడ్డాయో చూడండి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు సీమ సాయిబుల తెలుగు వినపడింది. తెలంగాణ కథల్లో నల్లగొండ, ఖమ్మం పల్లెల ఉర్దూ వినపడింది. కడప జిల్లా వేంపల్లె నుంచి వచ్చిన షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాల బతుకు వేరని, వాళ్ళను అటు హిందువులూ ఇటు ముస్లింలూ పూర్తిగా తమవాళ్ళనుకోరని చెప్పే రచనలు వచ్చాయి. ముస్లిం అంటే ఒకే జిందగీ కాదన్న మాటను బయటివాళ్ళకు చెప్పడంతోపాటు మాలో మేమూ చెప్పుకోవాల్సి వచ్చింది.

అన్నిటికంటే ముఖ్యం, ఆడవాళ్ళు రాశారు. మహెజబీన్ 'ఆకురాలే కాలం', షాజహానా 'నఖాబ్' వంటి కవితా సంపుటాలు రెండు వైపులా ప్రశ్న వేశాయి. బయట మతోన్మాదాన్ని అడిగాయి, ఇంట్లో మగవాడినీ అడిగాయి. అట్లా అడిగినప్పుడల్లా ఒకే మాట ఎదురవుతుంది. బయటివాళ్ళు మన మీద పడుతున్న ఈ సమయంలో ఇంటి గుట్టు రచ్చకెక్కించడం ఎందుకు అని. 1933లో రషీద్ జహాఁకు చెప్పిందీ అదే. ఆ మాటలో భయం ఉంది, ఆ భయానికి కారణమూ ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. కానీ సరైన సమయం కోసం ఆగమన్నవాళ్ళు తొంభై ఏళ్ళుగా ఆ సమయం ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఖౌమ్ పెద్దల ఆమోదముద్ర కోసం చూడకుండా, మెజారిటీ పాఠకుడి జాలి కోసమూ రాయకుండా నిలబడటానికి ఒక చోటు కావాలి. ఆ చోటు చిన్న ప్రచురణే అయింది. మెజారిటీ పాఠకుడికి మా ఆడవాళ్ళ కవిత్వంలో ఇంటి మీది ఫిర్యాదు మాత్రమే వినపడి, వీధి మీది ఫిర్యాదు వినపడకపోతే, లోపం కవిత్వంలో లేదు.

ఇంతవరకూ చెప్పింది చిన్న ప్రచురణ ఇచ్చినదాని గురించి. అది ఇవ్వలేనిది కూడా చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు.

చిన్న ప్రచురణ మొదటి ముద్రణ ఇస్తుంది. రెండోది ఇవ్వలేదు. దాని లెక్క అందరికీ తెలిసిందే. ఐదొందలు, మహా అయితే వెయ్యి ప్రతులు. ఆవిష్కరణ సభలో కొన్ని అమ్ముడుపోతాయి. పత్రికలకు సమీక్ష కోసం రెండేసి, మిత్రులకు ఒక్కొక్కటి ఉచితంగా పోతాయి. పుస్తకాల షాపులు కమీషన్ పట్టుకుని, అమ్మాక డబ్బు ఇస్తాయి. ఆ డబ్బు ఏడాది పొడుగునా చిల్లర చిల్లరగా వచ్చి ఖర్చైపోతుంది. రెండో పుస్తకానికి మళ్ళీ చందాలు పోగుచేయాలి. రెండో పుస్తకం వేయాలా, మొదటిది మళ్ళీ వేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరైనా రెండో పుస్తకమే వేస్తారు. పదేళ్ళకు మొదటి పుస్తకం ఎవరి దగ్గరా ఉండదు. కావాలని అడిగినవాడికి రెండే మాటలు చెప్తారు. ప్రతులు లేవు.

1990లలో డీటీపీ వచ్చాక చిన్న ప్రచురణకు రెక్కలొచ్చిన మాట నిజం. ఒక్కో సీసపు అక్షరాన్ని ఏరి పేర్చే కంపోజింగ్ పోయింది. ఒక గదిలో కంప్యూటర్ ఉంటే పుస్తకం తయారైపోయింది. మా సంకలనాలు ఆ ఊపులో వచ్చినవే. కానీ ఆ సౌకర్యం వెనకే ఒక ఉచ్చు ఉంది. ఆనాడు తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం పేజ్‌మేకర్‌లో, అనూ లాంటి ఫాంట్లలో తయారయ్యాయి. అవి యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫైలును ఇవాళ్టి ఫోన్లో తెరిస్తే తెలుగు కనపడదు, అర్థం లేని గుర్తులు కనపడతాయి. మార్చుకునే సాధనాలున్నాయి. మార్చాక ఒత్తులూ దీర్ఘాలూ మళ్ళీ దిద్దుకోవాలి. అదీ ఫైలు దొరికితేనే. ఫ్లాపీల్లో దాచినవి ఫ్లాపీలతోనే పోయాయి. నూరేళ్ళ కిందటి సీసపు అక్షరాల పుస్తకాన్ని ఇవాళ చదవొచ్చు. పాతికేళ్ళ కిందటి ఫైలును తెరవడమే కష్టం.

గ్రంథాలయాలు లేవా అంటారు. చట్టం ఉంది. 1954 పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు పంపాలి. సొంత ఖర్చుతో పంపాలి. చందాలతో పుస్తకం వేసి, ఆవిష్కరణ సభకు కరపత్రం డబ్బులు చూసుకునే మనిషికి ఈ నాలుగు పార్సిళ్ళు గుర్తుకు రావడం కష్టం. గ్రంథాలయంలో చేరని పుస్తకం స్కాన్ కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల కొద్దీ పాత తెలుగు పుస్తకాలు దొరుకుతున్నాయంటే, అవి ఒకప్పుడు ఏదో ఒక గ్రంథాలయం బీరువాలో ఉన్నాయి కాబట్టే. బీరువా దాకా రానివాడికి ఆ స్వర్గమూ లేదు.

దాచడం అసాధ్యమని మేం అనడం లేదు. హైదరాబాద్‌లో అబ్దుస్ సమద్ ఖాన్ గారు జీవితమంతా ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఏరి కూడబెట్టారు. ఒక మనిషి సంకల్పంతో పోగైన ఆ సంపద బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరి పరిశోధకులకు ఉపయోగపడింది. అదే కేంద్రం గ్రంథాలయంలోకి 2000 ఆగస్టు వానలకు వరద నీళ్ళొచ్చాయి. దాచిన చోట కూడా పుస్తకానికి పూర్తి భరోసా లేదన్నమాట. అందుకే ఒకే చోట దాచకూడదు. పది చోట్ల ఉండాలి.

ఇప్పుడు అంగారే దగ్గరికి మళ్ళీ వెళ్దాం. ఆ పుస్తకానికి శత్రువులున్నారు. వాళ్ళు దాన్ని తగలబెట్టారు, తగలబెడుతూనే సాక్ష్యం కోసం కొన్ని ప్రతులు దాచారు. మా పుస్తకాలకు అట్లాంటి శత్రువులు కూడా లేరు. పుట్టుమచ్చను, జల్‌జలాను, వతన్‌ను ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. సమీక్షలు వచ్చాయి, విశ్వవిద్యాలయాల్లో వాటి మీద పరిశోధనలు జరిగాయి. ఎవరూ దాడి చేయకపోయినా ఒక పుస్తకం కనుమరుగు కావొచ్చు. ఊరికే అమ్ముడైపోతే చాలు. నిషేధించిన పుస్తకాన్ని సర్కారు దాచింది. నిషేధించని పుస్తకాన్ని ఎవరు దాస్తారు?

ఇది పుస్తకాల మీది మమకారం కొద్దీ అడుగుతున్న ప్రశ్న కాదు. పౌరసత్వానికి కాగితాలు అడిగిన కాలాన్ని 2019లో చూశాం. ఎప్పటి నుంచి ఉంటున్నారు, ఎవరి పిల్లలు, రుజువేది అని అడిగే కాలం. ఇంటి పట్టాలు, పుట్టిన తేదీ పత్రాలు ఒక రకం రుజువు. ఈ భాషలో మేం ప్రేమించాం, ఈ భాషలో కొట్లాడాం, ఈ భాషలో మా అమ్మీ అబ్బాల గురించి ఏడ్చాం అని చెప్పేవి ఇంకో రకం రుజువు. మొదటి రకం కాగితాలు పోతే నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరగొచ్చు. రెండో రకం పోతే నకలు ఇచ్చే ఆఫీసు లేదు. రేపు ఎవరైనా తెలుగులో ముస్లింలు రాసింది ఏముందని అడిగితే చూపించడానికి పుస్తకం చేతిలో ఉండాలి. పేరు చెప్తే సరిపోదు.

కొత్త తరం చిన్న ప్రచురణలు వచ్చాయి. అన్వీక్షికి, ఛాయ, పాలపిట్ట వంటివి తెలుగులో కొత్త కథనూ కవిత్వాన్నీ వేస్తున్నాయి. ఆర్డరు వచ్చినన్ని ప్రతులే అచ్చేసుకునే సాంకేతికత అందుబాటులోకి వచ్చింది. ఐదొందల ప్రతులకు ఒకేసారి డబ్బు పెట్టనక్కర లేకుండా యాభై వేసుకోవచ్చు. అంటే రెండో ముద్రణకు ఒకప్పుడున్న అడ్డంకి ఇవాళ సగం తొలగినట్టే. తెలంగాణ, ఆంధ్ర రెండు రాష్ట్రాలయ్యాయి, అకాడమీలు రెండయ్యాయి. కానీ జల్‌జలాలో రెండు ప్రాంతాల కవులూ ఒకే అట్ట కింద ఉన్నారు. ఆ అట్టను మళ్ళీ వేసే పని ఏ ఒక్క ప్రాంతానిదీ కాదు. ముస్లిం రచయితలది మాత్రమే కూడా కాదు. సెక్యులర్ అని తమను తాము పిలుచుకునే పాఠకులు సభల్లో మా పక్కన కూచున్నారు, మా కోసం సంతకాలు పెట్టారు. మేం మరిచిపోలేదు. ఇప్పుడు వాళ్ళ బీరువాల్లో ఉన్న మా పుస్తకాలతో పని పడింది.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. 1990ల తర్వాత వచ్చిన ప్రతి ముస్లిం కవితా సంపుటి, కథా సంపుటి, కరపత్రం, చిన్న పత్రిక పేరు, సంవత్సరం, ప్రచురణ చిరునామా ఒక పట్టికగా రాయాలి. ఎవరి దగ్గర ఏ ప్రతి ఉందో పక్కన రాయాలి. రచయిత అనుమతితో స్కాన్ చేసి పది చోట్ల పెట్టాలి. ఏడాదికి రెండు పుస్తకాలైనా రెండో ముద్రణ వేయాలి. కొత్త పుస్తకం వేసే ప్రతి ఒక్కరూ ఆవిష్కరణ సభకు ముందే ఆ నాలుగు పార్సిళ్ళు కట్టి పోస్టులో వేయాలి. తపాలా ఖర్చు అట్ట బొమ్మ ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

మా పెద్దలు జాగా లేని చోట జాగా చేసుకుని అచ్చేశారు. ఆ పుస్తకాల వివరాల పేజీలో 'మొదటి ముద్రణ' అని రాసుకున్నారు. రెండోది ఉంటుందన్న ఆశ లేకపోతే ఎవరూ 'మొదటి' అని రాయరు.